ట్రై-వ్యాలీ సుసాన్ సు: ఆమె వ్యాపారం దేనిమీద నడిచింది?

ప్రశ్న: గుంటూరు అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెబుతాను. చివరి సంవత్సరం పిల్లలతో ఏటా ఒక వ్యాపారవేత్త ప్రస్థానాన్ని తీసుకొని, ఆ వ్యాపారం ఎలా పుట్టింది, డబ్బు ఎటునుంచి వచ్చింది, ఎక్కడ దారి తప్పింది అని రెండు మూడు తరగతులపాటు చర్చించడం నాకు అలవాటు. ఈసారి, చైనా నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడి, కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనే ప్రైవేటు సంస్థను స్థాపించి, చివరికి జైలుపాలైన సుసాన్ షియావో-పింగ్ సు గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆ సంస్థ మూతపడిన 2011లో నా విద్యార్థులు పలకాబలపం పట్టిన పిల్లలు. వారిలో చాలామంది ఇప్పుడు అమెరికా ప్రయత్నాల్లో ఉన్నారు గానీ, ఆ పేరు విన్నవారు ఒక్కరూ లేరు.

అప్పటి మన పత్రికల్లో నాకు గుర్తున్నదంతా అమెరికా అధికారులు నిఘా కోసం విద్యార్థుల కాళ్లకు తగిలించిన రేడియో కాలర్ల గొడవే. ఆ యజమానురాలు ఏం చేసిందో, ఎలా చేయగలిగిందో ఎవరూ వివరంగా రాసినట్టు లేదు. యూనివర్సిటీకి ప్రభుత్వ అనుమతి ఉంది, భవనం ఉంది, వెబ్‌సైటు ఉంది, ఫీజుకు రసీదు ఉంది. అలాంటప్పుడు దాన్ని దొంగ యూనివర్సిటీ అని ఏ లెక్కన అన్నారు? రెండేళ్లు తిరక్కుండానే అంతమంది మన పిల్లలు అక్కడికి ఎలా చేరారు? కోర్టు ఆమెను దేనికి దోషిగా తేల్చింది? వీటికి తోడు మరొక సందేహం కూడా ఉంది. మోసగత్తె కథ ఒక్కటే చెప్పి వదిలేస్తే, వలస వచ్చిన ఆడవాళ్లు విద్యావ్యాపారం చేస్తే ఇంతేనన్న అభిప్రాయం పిల్లల్లో మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది. పక్కన పెట్టి చూపదగిన మరొకరి పేరు చెప్పగలిగితే సంతోషిస్తాను.

జవాబు: ప్లెజాంటన్ పొరుగు

నమస్కారమండీ. నేను 2006 నుంచి ఈ ప్రాంతంలోనే ఉంటున్నాను కనుక, ముందుగా ఆ పేరు సంగతి చెబుతాను. ట్రై-వ్యాలీ అన్నది ఆమె కల్పించిన పేరు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పున అమడోర్, లివర్‌మోర్, శాన్ రమోన్ అనే మూడు లోయలు ఉన్నాయి. ప్లెజాంటన్, డబ్లిన్, లివర్‌మోర్ వంటి ఊళ్లున్న ఈ ప్రాంతాన్నంతా స్థానికులు ట్రై-వ్యాలీ అనే పిలుస్తారు. ఇక్కడ దంత వైద్యశాలకూ అదే పేరు ఉంటుంది, కార్ల మరమ్మతు దుకాణానికీ అదే పేరు ఉంటుంది. ఊరి పేరు పెట్టుకున్న యూనివర్సిటీ అంటే ఎప్పటినుంచో ఉన్న సంస్థే అయ్యుంటుందని హైదరాబాద్‌లో కూర్చున్నవారికి అనిపించడంలో వింత లేదు. నిజానికి ఆ సంస్థ 2008లో పుట్టింది. నిబద్ధత గల క్రైస్తవ శాస్త్రవేత్తలను, ఇంజనీర్లను, వ్యాపార నాయకులను తయారు చేయడమే తమ ఆశయమని చెప్పుకునేది. అందులో చేరినవారిలో అత్యధికులు మన తెలుగు పిల్లలే కావడం వల్ల, ఆ ఆశయం ఎంతవరకు నెరవేరిందో మీరే ఊహించుకోవచ్చు.

ఆమె ఎలా చేయగలిగింది అన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ 2008 అనే సంవత్సరంలోనే ఉంది. ప్రైవేటు కళాశాలల మీద పర్యవేక్షణ ఉంచే కాలిఫోర్నియా రాష్ట్ర బ్యూరో చట్టబద్ధమైన గడువు 2007 జూన్ 30తో ముగిసింది. శాసనసభ దాన్ని వెంటనే పునరుద్ధరించలేకపోయింది. కొత్త చట్టం 2010 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. అంటే రెండున్నరేళ్లపాటు అంత పెద్ద రాష్ట్రంలో, ఒక ప్రైవేటు కళాశాల తెరిస్తే పాఠాలు చెబుతున్నారా లేదా అని లోపలికి వచ్చి చూసే రాష్ట్ర యంత్రాంగమే లేకుండా పోయింది. సుసాన్ సు బోర్డు కట్టింది సరిగ్గా ఆ ఖాళీలోనే. ఆమె దాన్ని లెక్క వేసుకుని చేసిందని నేను అనను. తలుపు మాత్రం తెరిచే ఉంది.

రెండో మెట్టు ఫెడరల్ ప్రభుత్వానిది. విదేశీ విద్యార్థులను చేర్చుకోవాలంటే హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉన్న విద్యార్థి వీసాల విభాగం నుంచి అనుమతి కావాలి. అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యతకు అధీకృత సంస్థ ఇచ్చే గుర్తింపు, ఉన్న సంస్థలకు ఆ పని తేలిక. లేని సంస్థలకు ఒక అడ్డదారి లాంటి నిబంధన ఉంది. తమ దగ్గర చదివిన క్రెడిట్లను అక్రెడిటేషన్ ఉన్న మూడు విద్యాసంస్థలు షరతులు లేకుండా అంగీకరిస్తున్నాయని రుజువు చూపితే సరిపోతుంది. ట్రై-వ్యాలీకి అక్రెడిటేషన్ లేదు. ఆమె సమర్పించిన రుజువులు తప్పుడువని తరువాత తేలింది గానీ, 2009 ఫిబ్రవరిలో అనుమతి వచ్చేసింది. మీ పిల్లలకు నొక్కి చెప్పవలసిన మాట ఇది: అక్రెడిటేషన్ వేరు, విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి వేరు. ప్రభుత్వ అనుమతి ఉంది కదా అని మన కన్సల్టెన్సీల వాళ్లు చూపించేది సాధారణంగా రెండో దాన్నే.

జవాబు: పాత పారాలీగల్

పై జవాబు చక్కగా ఉంది. నేను చాలా ఏళ్లు ఇమిగ్రేషన్ న్యాయవాదుల దగ్గర పనిచేశాను కనుక కేసు భాగం చెబుతాను.

అసలు ఆమె అమ్మిన సరుకు ఏమిటో ముందు చూడాలి. ఐ-20 అనే పత్రాన్ని మీరు చూసి ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో అది బార్‌కోడు అచ్చేసిన నాలుగు కాగితాల బొత్తి. పైన ఎన్ అనే అక్షరంతో మొదలయ్యే సెవిస్ సంఖ్య ఉంటుంది, మధ్యలో కోర్సు పేరు, మొదలయ్యే తేదీ, ఏడాదికి అయ్యే ఖర్చు ఉంటాయి. కింద యూనివర్సిటీ తరఫున డీఎస్‌ఓ అనే అధీకృత అధికారి సంతకం చేస్తాడు. మూడో పేజీలో ప్రయాణానికి అనుమతి సంతకాలు, ఉద్యోగ అనుమతి వివరాలు ఉంటాయి. కాన్సులేట్‌లో వీసా అడగాలన్నా, విమానాశ్రయంలో దిగాలన్నా, అమెరికాలో స్టేటస్, అంటే చట్టబద్ధంగా ఉండే హోదా, నిలుపుకోవాలన్నా ఆ కాగితం కావాలి. దాన్ని ప్రభుత్వం ముద్రించి ఇవ్వదు. ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ అయిన సెవిస్‌లోకి లాగిన్ అయ్యి యూనివర్సిటీయే తయారు చేసి ఇస్తుంది. రాష్ట్రంలో పర్యవేక్షణ లేదు, ఫెడరల్ అనుమతి చేతిలో ఉంది, ఐ-20 ముద్రించే అధికారం తన టేబుల్ మీదే ఉంది. ఇక పాఠం చెప్పడం అనవసరపు ఖర్చు అయిపోయింది. ఈ కథలో నాకు అర్థమైనది ఇంతే: ఆమె విద్యావ్యాపారంలో మోసం చేసిందనడం కన్నా, అసలు ఆమె చేసింది విద్యావ్యాపారమే కాదనడం సబబు.

చేరికల వేగం చూస్తే విషయం తెలిసిపోతుంది. 2009 మే నాటికి అక్కడ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు 11 మంది. 2010 సెప్టెంబరుకు 939 మంది. 2011 జనవరిలో ఐస్ అనే ఇమిగ్రేషన్ అమలు విభాగం అధికారులు తనిఖీలకు దిగేసరికి ఆ సంఖ్య 1,500 దాటింది. వారిలో దాదాపు 95 శాతం భారతీయులు. ప్లెజాంటన్ వంటి చిన్న ఊళ్లో అంతమంది విద్యార్థులు తిరుగుతుంటే కనిపించాలి కదా? వారు మేరీల్యాండ్ నుంచి టెక్సస్ దాకా దేశమంతా ఉద్యోగాల్లో ఉన్నారు. మరి సెవిస్‌లో విద్యార్థి నివాసం చూపించాలి. సగం మందికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్ పట్టణంలోని ఒకే ఒక అపార్ట్‌మెంట్‌ను నమోదు చేశారు. దర్యాప్తు అధికారులకు ఆ ఒక్క వివరం చాలు.

ఇక నేరాల సంగతి. 2014 మార్చిలో జ్యూరీ ఆమెను 31 అభియోగాల మీద దోషిగా తేల్చింది. వాటిలో వైర్, మెయిల్ మోసాలు (ఎలక్ట్రానిక్ మార్గంలో, తపాలా ద్వారా చేసినవి), వీసా మోసం, దానికి కుట్ర, ప్రభుత్వ సంస్థకు అబద్ధాలు చెప్పడం, దొంగ పత్రం వాడడం, మనీ లాండరింగ్ ఉన్నాయి. మీ తరగతికి ఆసక్తి కలిగించేవి మాత్రం మరో రెండు. ఒకటి, ప్రభుత్వ కంప్యూటర్‌లోకి అనధికార ప్రవేశం. డీఎస్‌ఓగా సెవిస్ వాడాలంటే అమెరికా పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. ఆమె తన లాగిన్‌ను తన దగ్గర పనిచేసే విద్యార్థుల చేతికి ఇచ్చి వారిచేత వివరాలు ఎక్కించింది. రెండోది, అనుమతి లేని విదేశీయులకు ఆశ్రయం ఇవ్వడం. అది కూడా ఆ తరహా ఉద్యోగులిద్దరి విషయంలోనే. చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడు క్లాసుకు వెళ్లకుండా, యూనివర్సిటీ ఆఫీసులో కూర్చుని తోటి కుర్రవాళ్ల హాజరుకు సంబంధించిన అబద్ధాలను ప్రభుత్వ కంప్యూటర్‌లోకి ఎక్కించడం! ఈ దృశ్యం ఒక్కటి చాలు, అక్కడ జరిగిందేమిటో పిల్లలకు అర్థమవుతుంది.

2014 అక్టోబరు 31న న్యాయమూర్తి జాన్ టైగర్ ఆమెకు 198 నెలల శిక్ష వేశారు, అంటే పదహారున్నరేళ్లు. 56 లక్షల డాలర్ల జప్తు, 9 లక్షల 4 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం అదనం. ఫీజుల డబ్బుతో ఆమె వాణిజ్య భవనం, ఒకటికి మించి ఇళ్లు, ఒక మెర్సిడెస్ బెంజ్ కారు తన పేరు మీదే కొనుక్కుంది. వ్యాపార నీతి చెప్పేవారికి ఆ చివరి మాట ముఖ్యం. సంస్థ డబ్బు, యజమాని డబ్బు అన్న గీత ఆమెకు కనిపించలేదు.

జవాబు: అమీర్‌పేట 2007

నేను రాయడానికి కొంచెం వెనకాడాను. కానీ అంతమంది మన పిల్లలు అక్కడికి ఎలా చేరారు అన్న ప్రశ్నకు ఇక్కడ ఎవరూ లోపలినుంచి సమాధానం చెప్పలేదు కనుక రాస్తున్నాను. నేను చదివింది ట్రై-వ్యాలీలో కాదు. అదే కాలంలో, అదే పద్ధతిలో నడిచిన మరో చోట. దాని పేరు ఇక్కడ అనవసరం.

నేను 2007లో ఎంఎస్ చేయడానికి వచ్చాను. 2008 డిసెంబరులో చదువు అయిపోయింది. అప్పటికి ఆర్థిక మాంద్యం ముదిరి, కొత్తగా ఉద్యోగాలు ఇచ్చేవారు లేరు, ఉన్నవారినే తీసేస్తున్నారు. చదువు తరువాత ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు ఏడాది. అయితే 2008 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ప్రకారం ఆ ఏడాదిలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, ఉంటే స్టేటస్ పోతుంది. ఇండియన్ స్టోరులో సరుకులతోపాటు ఉచితంగా ఇచ్చిన తెలుగు క్యాలెండరును మా వంటింటి గోడకు తగిలించి, రోజుకొక గడి కొట్టేస్తూ వచ్చాను. మేము నలుగురం ఉండేవాళ్లం, ఒకే క్యాలెండరు మీద నాలుగు రంగుల పెన్నులతో నాలుగు లెక్కలు. ఉగాది పండుగ నాటికి నా లెక్క డెబ్బై దాటింది.

ఆ సమయంలో మా ఊరి కుర్రవాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక యూనివర్సిటీ ఉంది. ఫీజు కడితే వారంలో ఐ-20 వస్తుంది. క్లాసులు ఆన్‌లైన్‌లోనే, వెళ్లనక్కర్లేదు. మొదటి రోజు నుంచే సీపీటీ, అదే చదువుతూ ఉద్యోగం చేసే అనుమతి, ఇస్తారు, ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు. నీ పేరు నేను చెప్పినట్టు రాయి, నాకు కొంత వస్తుంది. నువ్వు ఇంకొకరిని చేరిస్తే నీకూ వస్తుంది." మా ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంది. తిరిగి వెళ్లిపోతే వడ్డీ కూడా కట్టలేను. నేను చేరాను. ఒక సెమిస్టరు మొత్తంలో నాకు వచ్చిన పాఠాలు రెండు పీడీఎఫ్ ఫైళ్లు. తరువాత మంచి ఉద్యోగం దొరికి, అదృష్టం కలిసివచ్చి హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చింది. కానీ ఎన్నో ఏళ్ల తరువాత గ్రీన్ కార్డు దశలో ఆ ఒక్క సెమిస్టరు గురించి ఆర్‌ఎఫ్‌ఈ, అంటే మరిన్ని ఆధారాలు అడిగే నోటీసు, వచ్చింది: నువ్వు అక్కడ నిజంగా చదివావని రుజువులు పంపు. ఇల్లంతా వెతికాను. ఫీజు రసీదు దొరికింది. చదివినట్టు చెప్పుకోవడానికి ఒక్క నోటు పుస్తకం లేదు, ఒక్క హోంవర్కు లేదు.

ట్రై-వ్యాలీలోనూ ఇదే పద్ధతి ఉండేదని దర్యాప్తు పత్రాల్లో ఉంది. ఒకరిని చేర్పించిన విద్యార్థికి ఆ కొత్తవారి ఫీజులో 20 శాతం దాకా ముట్టేది. ఆ కొత్తవారు మరొకరిని తెస్తే, మొదటివారికీ అందులో కొద్దిపాటి వాటా ఉండేది. సబ్బులు, పౌడర్లు అమ్మే గొలుసు వ్యాపారం మన ఊళ్లలో ఎలా నడుస్తుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. ఆమెకు తెలుగు తెలియదు, మన ఊళ్లు తెలియవు, ప్రకటనల మీద పెద్దగా ఖర్చు పెట్టినట్టూ లేదు. అమ్మకాల సిబ్బంది పని అంతా మనమే చేసిపెట్టాం. బావమరిది బావకు చెప్పాడు, రూమ్మేటు రూమ్మేటుకు చెప్పాడు.

జవాబు: సందేహి

పై మిత్రుడు నిజాయితీగా రాసినందుకు గౌరవిస్తున్నాను. కానీ "మనమే చేసిపెట్టాం" అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ 1,500 మందినీ ఒకే గాటన కట్టకూడదు. అప్పటికే అమెరికాలో ఉండి, ఓపీటీ అయిపోయి, ఏం జరుగుతోందో తెలిసి ట్రాన్స్‌ఫర్ చేసుకున్నవారు ఒక వర్గం. ఇంటి దగ్గరే కన్సల్టెన్సీ మాట నమ్మి, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ పూర్తిచేసి, వీసా ముద్ర వేయించుకొని, విమానం దిగాక గానీ క్లాసురూములు లేవని తెలుసుకున్నవారు మరో వర్గం. రెండో వర్గానికి వీసా ఇచ్చింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే. తాను అనుమతి ఇచ్చిన సంస్థకు, తాను వీసా ఇచ్చి పంపిన కుర్రవాడి కాలికి, అదే ప్రభుత్వం తరువాత రేడియో ట్యాగు తగిలించింది. అప్పటి మన విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ గట్టిగా నిరసన తెలిపారంటే అందుకే. నిర్బంధంలో పెట్టడానికి బదులు ఇది తేలికైన ఏర్పాటని అమెరికా అధికారులు సమర్థించుకున్నారు. వారి లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ మన దగ్గర కాలికి గొలుసు వేసేది పశువులకో, ఖైదీలకో కదా. ఆ తరువాత చాలామందిని ఇతర యూనివర్సిటీలకు మారడానికో, ఐ-539 దరఖాస్తుతో స్టేటస్ పునరుద్ధరణ అడగడానికో అనుమతించారు.

అధికారుల తప్పు ఎంత అన్నదానికి వారి దేశపు సాక్ష్యమే ఉంది. 2012లో అమెరికా కాంగ్రెస్ తరఫున పనిచేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు ఈ విద్యార్థి వీసాల విభాగాన్ని పరిశీలించి, పదివేలకు పైగా విద్యాసంస్థలకు అనుమతులిస్తూ మోసానికి ఎక్కడ ఆస్కారముందో ఆ విభాగం సరిగా అంచనా వేయడం లేదని, సంస్థలు సమర్పించే పత్రాలను సరిచూడడంలో లోపాలున్నాయని తప్పుపట్టింది. తరువాత వారు ఎంచుకున్న దారి కూడా నాకు నచ్చలేదు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే ఒక బూటకపు సంస్థను తెరిచి, 2019 జనవరిలో వల లాగారు. అందులో పడ్డవారిలోనూ, దళారులుగా అరెస్టయినవారిలోనూ మళ్లీ ఎక్కువమంది తెలుగువాళ్లే. సుసాన్ సు కేసులో కనీసం ఒక యజమానురాలు ఉంది, జైలుకు వెళ్లింది. ఫార్మింగ్టన్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది ప్రభుత్వమే.

ఇక అధ్యాపకురాలు గారు అడిగిన రెండో పేరు. డాఫ్నీ కోలర్‌ను తీసుకోండి. ఆమె జెరూసలేంలో పుట్టి, అక్కడి హీబ్రూ యూనివర్సిటీలో 17 ఏళ్లకే డిగ్రీ పూర్తిచేసి, అమెరికా వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో 1993లో పీహెచ్‌డీ తీసుకుని, 1995 నుంచి అక్కడే కంప్యూటర్ సైన్స్ ఆచార్యురాలిగా పనిచేశారు. 2012లో స్టాన్‌ఫర్డ్ సహ ఆచార్యుడు ఆండ్రూ ఎన్‌జీతో కలిసి కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థను స్థాపించారు. చోటు, కాలం ఎంత దగ్గరో గమనించండి. ప్లెజాంటన్ నుంచి కోర్సెరా పుట్టిన మౌంటెన్ వ్యూకు ట్రాఫిక్ లేకపోతే గంట కూడా పట్టదు. 2011 జనవరిలో ట్రై-వ్యాలీ మూతపడింది. అదే ఏడాది చివర స్టాన్‌ఫర్డ్ ఉచితంగా పెట్టిన ఎన్‌జీ మెషిన్ లెర్నింగ్ కోర్సుకు లక్ష మందికి పైగా పేర్లిచ్చారు. ఇద్దరూ వలస వచ్చిన మహిళలే. ఇద్దరి సంస్థలూ "ఆన్‌లైన్‌లో చదువు" అన్న మాట మీదే నడిచాయి. తేడా ఎక్కడుందంటే, కోర్సెరా పాఠం చూస్తే వీసా రాదు, స్టేటస్ నిలవదు, ఉద్యోగ అనుమతి రాదు. కనుక చూసేవారు పాఠం కోసమే చూశారు, పాఠం బాగుండక తప్పలేదు. సర్టిఫికెట్లకు రుసుము పెట్టడం ఆ తరువాతి మాట. కోలర్ 2016లో ఆ సంస్థను వదిలి మందుల పరిశోధన వైపు వెళ్లిపోయారు, కోర్సెరా 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో నమోదైంది. ఆ వ్యాపారంలోనూ విమర్శించదగినవి ఉన్నాయి, ముఖ్యంగా చేరినవారిలో కోర్సు పూర్తిచేసేవారు చాలా తక్కువ. అయినా సగంలో మానేసిన విద్యార్థి అక్కడ కోల్పోయేది కొంత సమయం మాత్రమే.

ప్రశ్నకర్త: గుంటూరు అధ్యాపకురాలు

ఇంత శ్రద్ధగా రాసిన నలుగురికీ కృతజ్ఞతలు. నేను మొదట దీన్ని "దురాశ" అనే శీర్షిక కింద చెప్పాలనుకున్నాను. ఇప్పుడు అనుమతుల వ్యవస్థ, గొలుసు కమీషన్, ఐ-20 అనే మూడు మెట్లుగా చెబుతాను. అమీర్‌పేట మిత్రుడు గారి వంటింటి క్యాలెండరు సంగతిని, వారికి అభ్యంతరం లేకపోతే, వివరాలు మార్చి తరగతిలో వాడుకుంటాను.

ఒక్క ఆచరణాత్మకమైన సందేహం మిగిలింది. మా పిల్లలు వచ్చి, "మేడం, ఈ యూనివర్సిటీ పేరు అమెరికా ప్రభుత్వ జాబితాలో ఉంది" అని ఫోన్‌లో చూపిస్తుంటారు. అంతటితో నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: అమీర్‌పేట 2007

నాకేమీ అభ్యంతరం లేదండీ, వాడుకోండి. నలుగురు మనుషులు, నాలుగు రంగులు అన్నది మాత్రం మార్చకండి.

జవాబు: పాత పారాలీగల్

ఉండకూడదండీ. వారు చూపించేది ఐ-20 ఇవ్వడానికి అనుమతి ఉన్న సంస్థల జాబితా అయి ఉంటుంది. దానితోపాటు అమెరికా విద్యాశాఖ నిర్వహించే అక్రెడిటేషన్ డేటాబేస్‌లో కూడా ఆ సంస్థ పేరు వెతికించండి, ఏ అక్రెడిటింగ్ సంస్థ గుర్తింపు ఇచ్చిందో, ఆ గుర్తింపు ఇప్పటికీ అమల్లో ఉందో చూడమనండి. మొదటి రోజు నుంచే ఉద్యోగ అనుమతి ఇస్తామని ముందే ఆశ చూపిస్తుంటే, ఆ కోర్సుకు ఆ ఉద్యోగం ఎందుకు తప్పనిసరో రాతపూర్వకంగా అడగమనండి. ఎఫ్-1 విద్యార్థికి ఒక సెమిస్టరులో పూర్తికాలపు లెక్కలోకి వచ్చేది ఒకే ఒక్క ఆన్‌లైన్ కోర్సు. కాబట్టి క్లాసులు ఏ భవనంలో, వారంలో ఏ రోజుల్లో జరుగుతాయో కూడా అడగాలి. మొదటి జాబితా ఒక్కదాన్నే నమ్మవద్దనడానికి కారణం ఏమిటంటే, 2009 ఫిబ్రవరి నుంచి 2011 జనవరిలో తనిఖీలు జరిగే దాకా ఐ-20 ఇవ్వడానికి అనుమతి ఉన్న సంస్థల్లో ట్రై-వ్యాలీ కూడా ఒకటి.